ఎర్రగుడ్డ కట్టిన గది

చింతపండు నీళ్లలో ఇత్తడి నానితే ఒక వాసన వస్తుంది. పండగల ముందు బిందెలూ చెంబులూ తోమే ఇళ్లలో పెరిగిన ఎవరికైనా అది తెలిసిన వాసనే. నాకు మాత్రం ఆ వాసన తగిలితే బిందెలు గుర్తుకు రావు, సమూయేలు సార్ గుర్తుకు వస్తారు. మొన్న ఆదివారం కూడా అంతే. కొత్తగూడెం శివార్లలో మా రైఫిల్ క్లబ్బు వెనక వాకిట్లో కూర్చుని, పెద్ద బేసినులో కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు పోసి, చింతపండు పిసికి చేత్తో కలియబెడుతున్నాను. మసి వదిలి నీళ్లు నల్లబడుతున్నాయి, గొట్టాలు పచ్చగా బయటపడుతున్నాయి. ఆ పుల్లటి ఇత్తడి వాసన ముక్కుకు తగలగానే కళ్లు నిండిపోయాయి. పిస్తోలు నేర్చుకోవడానికి వచ్చే పిల్ల ఒకతి పక్కనే నిలబడి చూస్తోంది. "ఏందక్కా, కండ్లల్ల పడ్డదా?" అంది. "అవ్, పడ్డది" అన్నాను. ఇంకేం చెప్పను.

సార్ పొట్టి మనిషి. ఇంట్లో ఉన్నా బయట ఉన్నా ఖాకీ చొక్కానే, కింద తెల్ల లుంగీ. ఇల్లందు బొగ్గు బాయిలో, అంటే గనిలో, మొదట మందు పేల్చే జట్టులో, తర్వాత వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా కార్మికుల పోటీల్లో పిస్తోలు కాల్చి కప్పులు గెలిచారట. ఆ కప్పులను ఆయన భార్య రూతమ్మ గారు వంటింట్లో పెట్టుకుని ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో చింతపండు పోసుకునేది. అదేంటమ్మా అంటే, "అల్మారిల పెడితె దుమ్ము తింటయ్, ఈడ పెడితె కూరలకన్న పనికొస్తయ్" అనేది. సార్ ఆ మాటకు నవ్వేవారు తప్ప ఎదురు చెప్పేవారు కాదు. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లేది ఒక్క ముందుగదిలోనే.

ఆ ముందుగదిలో ఆయన చేసే పని ఏమిటో చెప్పాలి. తూటా కాల్చాక పోయేది గుండూ, మందూ. ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాని అడుగున నిప్పు పుట్టించే కొత్త క్యాపు పెట్టి, మందు పోసి, పైన కొత్త గుండు బిగిస్తే అది మళ్లీ తూటా అవుతుంది. పిస్తోలు నేర్చుకునే పిల్లలకు ఫ్యాక్టరీ తూటాలు సరిపడా దొరకవు కనుక క్లబ్బువాళ్లు ఈ పని సార్‌కు అప్పజెప్పారు. అనుమతి ఆయన పేరనే ఉండేది. ఏటా అధికారులు వచ్చి, గదీ తాళాలూ చూసి, టీ తాగి పోయేవాళ్లు. క్లబ్బు గుమస్తాగా చేరిన నాకు ఆ గొట్టాలు బస్తాలో వేసుకుని ఇల్లందు తీసుకుపోయే పని పడింది. ఇష్టపడి పోలేదు. ఉద్యోగం కదా అని పోయాను.

మాది పర్ణశాల దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కోయగూడెం. తుపాకి మోగితే మా వైపు ఎవరూ ఏమిటా అని బయటికి రారు, తలుపులు వేసుకుంటారు. అలాంటి ఊరి పిల్లనై ఉండి తుపాకుల క్లబ్బులో కొలువుకు చేరానంటే మా అమ్మ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మొదటిసారి బస్తా భుజాన వేసుకుని సార్ గడపలో నిలబడ్డప్పుడు నా ముఖంలో ఆ భయమంతా కనబడి ఉంటుంది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశారు. "తుపాకంటె భయమా బిడ్డా?" అని అడిగారు. అబద్ధమాడితే పని సులువవుతుందేమో అనుకున్నాను కానీ నోరు మాట వినలేదు. "అవ్ సార్, మస్తు భయం" అన్నాను. "మంచిది. లోపటికి రా. భయం లేనోళ్లను నేను ఈ గదిలకు రానియ్య" అన్నారు.

తూటాలు బిగించే కొత్త ప్రెస్సు మిషను వచ్చింది నేను వెళ్లడం మొదలుపెట్టాకే. అంతవరకు ఆయన పాత ప్రెస్సు మీద ఒక్కో గొట్టానికి ఒక్కో పని విడివిడిగా చేసేవారు. కొత్తదాన్ని ప్రోగ్రెసివ్ ప్రెస్సు అంటారు. దానికి గుండ్రటి పళ్లెం, పళ్లెం అంచున గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్కో గొట్టం నిలబడుతుంది. పిడి కిందికి లాగితే అన్నిటికీ ఒకేసారి పని జరుగుతుంది. ఒకదానికి పాత క్యాపు ఊడి కొత్తది కూర్చుంటుంది, పక్కదాంట్లో మందు పడుతుంది, దాని పక్కదాని మీద గుండు కూర్చుంటుంది, చివరిది బిగుసుకుంటుంది. పిడి పైకి వెళ్తే పళ్లెం ఒక గడి తిరుగుతుంది. చెయ్యి ఆగకుండా నడిస్తే అంతా సాఫీ. మధ్యలో ఆగితేనే ప్రమాదం. మందు పడిందనుకుని ముందుకు పోతే ఖాళీ తూటా తయారవుతుంది. పడలేదనుకుని మళ్లీ లాగితే రెండింతల మందు పడుతుంది. రెండింతలైతే పిస్తోలు చేతిలోనే పగలొచ్చు. ఖాళీదైతే క్యాపు దెబ్బకే గుండు కదిలి పిస్తోలు గొట్టం మధ్యలో ఇరుక్కుని, వెనకాల వచ్చే తూటాతో పగలొచ్చు. అది పట్టుకున్న చెయ్యి ఎవరిదైతే వాళ్లకే దెబ్బ.

పెట్టెలో ముక్కలుగా వచ్చిన ఆ మిషనును బిగించడం ఒక పెళ్లి చేసినంత తతంగం. బాయిలో వాడి తీసేసిన పాత టేకు దుంగ తెప్పించి బల్ల చేయించారు. బల్లను నేలకు బోల్టులతో బిగించి, పైన గ్లాసెడు నీళ్లు పెట్టి, పిడి లాగినప్పుడు నీళ్లు కదలకుండా ఉండేదాకా సరిచేస్తూనే ఉన్నారు. అంతా అయ్యాక మందు పోస్తారనుకున్నాను. పొయ్యలేదు. ఖాళీ గొట్టాలతోనే రోజుల తరబడి ఉత్తుత్తిగా పిడి లాగించారు. బల్ల కోసం రూతమ్మ గారి కుట్టు మిషను వరండాలోకి పోయింది, ఆ మంట ఆమెకు ఉండనే ఉంది. "మందు లేదు, గుండు లేదు, ఉత్తగ గా పిడి గుంజుడేంది? నా మిషను ఆ మూలకుంటే ఈపాటికి రెండు జాకెట్లన్న కుడుదును" అంది. "అది నన్ను సూసుకుంటున్నది, నేను దాన్ని సూసుకుంటున్న. పెండ్లి సూపులు" అన్నారు సార్. "మన పెండ్లికి గిన్ని సూపులు కాలే" అని ఆమె లోపలికి పోయింది. నేను నవ్వు ఆపుకోలేక గొట్టాల బేసిను మీదకు వంగిపోయాను.

ఆ గదికి ఒక ఆచారం ఉండేది. పనిలోకి దిగేముందు సార్ బయట తలుపు గొళ్లేనికి ఎర్రగుడ్డ కట్టేవారు. బాయిలో మందు పేల్చేటప్పుడు దారి మొదట్లో ఎర్రగుడ్డ కడతారు, అది దాటి ఎవరూ పోకూడదు. వాళ్ల వీధిలో అందరివీ బాయి కుటుంబాలే కనుక ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గుడ్డ కనబడితే పాలవాడు కేక వెయ్యడు, పక్కింటివాళ్లు తలుపు తట్టరు. ఒకసారి ఇంటి ప్రార్థనకు వచ్చిన పాస్టరు గారు కూడా బైబిలు ఒళ్లో పెట్టుకుని వరండాలో స్టూలు మీద చాలాసేపు కూర్చున్నారు. సెల్‌ఫోన్లు రూతమ్మ గారి కొంగులో ఉండేవి. ఇంత చేసినా ఎప్పుడైనా, ఎవరైనా తెలియక పిలిస్తే, సార్ పిడి వదిలేసి పళ్లెంలో ఉన్న గొట్టాలన్నీ తీసేవారు. మందు వెనక్కి పోసి, మళ్లీ మొదటి నుంచి. "మూడోదాంట్ల పడ్డది సార్, నేను సూసిన" అని ఒకసారి నేను అడ్డం వచ్చాను. "నువ్వు సూసినవ్. నాకు యాది లేదు. పిడి నా చేతిల ఉన్నది కాబట్టి నా యాదే లెక్క" అన్నారు.

ఆ రోజే ఆయనకు మా అయ్య సంగతి చెప్పాను. అంతకుముందు బయటివాళ్లెవరికీ చెప్పలేదు. మొక్కజొన్న చేలో అడవి పందులను బెదిరించడానికి మా అయ్యకు ఒక నాటు తుపాకి ఉండేది. దానికి మందు మూతి నుంచే పోసి, కడ్డీతో కూరాలి. ఒక పొద్దున ఆయన మందు పోస్తుండగా గట్టు మీది నుంచి ఎవరో పిలిచారు. అటు తిరిగి ఏదో మాట్లాడి, మళ్లీ ఇటు తిరిగి, మందు పోశారు. పోసిన దాని మీదే పోశారు. పక్కన ఉన్న మా చిన్నాయన "పోసినట్టున్నవ్ కదా" అంటే, "నా చేతికి తెల్వదా" అన్నారట. ఆ చెయ్యే పోయింది. కుడి కన్ను కూడా పోయింది. తర్వాత చాలా కాలం బతికారు కానీ మంచం మీద కూర్చుని, ఉన్న చేత్తో లేని చెయ్యిని తడుముకుంటూ ఉండేవారు.

సార్ అంతా విని, కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. ఓదారుస్తారేమో అనుకున్నాను. "మీ అయ్యది తప్పు కాదు బిడ్డా. పిలిచినోనిది గూడ కాదు" అన్నారు. "తెల్వదు అని చెప్పుడు అందరికి వస్తది. యాది లేదు అని చెప్పుడే ఎవ్వరికి రాదు. సిగ్గనిపిస్తది. మీ అయ్యకు గూడ గదే అడ్డం పడ్డది." అప్పటిదాకా మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడు వచ్చినా రెండే మాటలు, ఖర్మ అనో, తాగి ఉన్నాడనో. తాగి లేడని నాకు తెలుసు. మా అయ్యను తప్పుపట్టకుండా ఆ తప్పేమిటో చెప్పిన మొదటి మనిషి సార్. తయారైన తూటాలన్నీ తూచి చూసే పని ఆ రోజు నుంచి నాకు అప్పజెప్పారు. కంసాలి వాళ్లు వాడే చిన్న త్రాసు ఒకటి తెచ్చిచ్చి, "నా పనిని నమ్మకు, త్రాసును నమ్ము" అన్నారు. నేను నమ్మింది రెండింటినీ.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. ఆయన తూటాలతో నేర్చుకున్న ఆడపిల్లలు జిల్లా పోటీలకు పోయారు, కొందరు ఇంకా పై పోటీలకు పోయారు. ఎవరి చేతికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ మధ్యలోనే సార్ అక్కడక్కడా మరిచిపోవడం మొదలైంది. అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇయ్యాల అన్నం పెట్టవా ఏంది?" అని అడిగేవారు. చర్చిలో ఎప్పుడూ పాడే పాట మధ్యలో చరణం జారిపోతే, పక్కవాళ్ల పెదాలు చూస్తూ పాడేవారట. నన్ను ఒకటి రెండుసార్లు చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచారు. రూతమ్మ గారూ నేనూ నవ్వేసేవాళ్లం. ఆయన కూడా నవ్వేవారు. వయసన్నాక మతిమరుపు ఉండదా అని మాకు మేమే చెప్పుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం గదిలో సార్ పిడి లాగుతున్నారు, నేను కిటికీ దగ్గర త్రాసు ముందు కూర్చున్నాను. తలుపుకు ఎర్రగుడ్డ ఉంది. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ఉన్నట్టుండి పిడి చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే చెయ్యి పిడి మీదే ఉంది, సగం దాకా లాగి ఉంది. ఆయన గోడవైపు చూస్తున్నారు.

"బిడ్డా, నన్నెవరన్న పిలిచిండ్రా?"

"లేదు సార్."

"తలుపు గిట్ల కొట్టిండ్రా?"

"ఎవ్వరు కొట్టలే సార్."

"మరి నేనెందుకాగిన?"

ఆయన పళ్లెంలోని గొట్టాలన్నీ తీసేసి, మందు వెనక్కి పోసి, మొదటి నుంచి మొదలుపెట్టారు. కాసేపటికి చెయ్యి మళ్లీ ఆగింది. మళ్లీ తీశారు. ఆ రోజు పిడి నడిచిన దానికంటే పళ్లెం ఖాళీ చేసిందే ఎక్కువ. బయటి నుంచి ఎవరూ రాకుండా గుడ్డ కట్టుకున్నాం కానీ, లోపలి నుంచి వచ్చి పిలిచేదాన్ని ఏ గుడ్డ ఆపుతుంది? బస్సెక్కి వస్తూ దారి పొడుగునా ఏడ్చాను.

ఆ తర్వాత నేను తూచడంలో ఇంకా జాగ్రత్త పడ్డాను. ఆదివారం కొత్త పిల్లల ప్రాక్టీసు ఉంది, తూటాలు సిద్ధం చేయాలి. ఆ వారంలోనే ఒక తూటా త్రాసులో పైకి తేలింది. దించి మళ్లీ పెట్టాను. మళ్లీ తేలింది. క్యాపు ఉంది, గుండు ఉంది, లోపల మందు లేదు. ఆగినట్టు ఆయనకే తెలియకుండా ఆయన ఎక్కడో ఆగారన్నమాట. ఆగానని తెలిస్తే గొట్టాలు తీసేస్తారు. ఆగానన్నదే తెలియకపోతే ఏం తీస్తారు? దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆయన ముందుకు పోయాను. "సార్, ఇది తేలిగ్గ ఉన్నది" అన్నాను.

ఆయన తీసుకుని తూచారు. ముఖం ఎర్రబడింది. "త్రాసు ఖరాబైనట్టున్నది" అన్నారు. ఇంకో తూటా పెట్టి చూపించాను, సరిగ్గానే తూగింది. "నేను లేనప్పుడు మిషను ముట్టుకున్నవా?" అని అడిగారు. "ముట్టలే సార్" అన్నాను. "అయితె నేను చేసిన్నంటవా? బాయిల ఇన్నేండ్లు మందు తోని బతికిన. నా చేతికి తెల్వదా?"

సరిగ్గా అదే మాట. మా అయ్య అన్న మాట. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దా చిన్నా చూడలేదు. "మా అయ్య గూడ గట్లనే అన్నడు సార్" అన్నాను. ఆయన తలుపు వైపు చెయ్యి చూపించి, "బయటికి నడువు" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నన్ను అలా కసరడం అదే మొదలు, అదే ఆఖరు. నేను నడిచాను. కొత్తగూడెం వచ్చి మా సెక్రటరీకి, ఈ వారం ఇల్లందు తూటాలు తేవద్దని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగితే, తూకం చూడాల్సి ఉందన్నాను. ఉన్నదంతా చెబితే ఆయన అనుమతి పోతుంది, ఆ గది పోతుంది, అది లేకపోతే ఆ మనిషికి పొద్దు ఎలా గడుస్తుంది? చెప్పకుండా ఎన్నాళ్లు ఆపగలను? ఇవాళ కాకపోతే రేపు ఆ తూటా ఏ పిల్ల చేతిలో పడుతుందో. అటు ఆలోచిస్తే మా అయ్య చెయ్యి, ఇటు ఆలోచిస్తే సార్ ముఖం. అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే రూతమ్మ గారు ఫోను చేసి, సార్ చెప్పకుండా ఎక్కడికో పోయారని ఏడ్చింది. వెతకని చోటు లేదు. ఎండ బాగా ముదిరాక క్లబ్బు గేటు దగ్గర ఆయన కనబడ్డారు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది, కాళ్లు దుమ్ము కొట్టుకుపోయాయి. ఖమ్మం బస్సెక్కి అక్కడిదాకా పోయి, ఎవరినో అడిగి మళ్లీ ఇటు బస్సు పట్టుకున్నారని తర్వాత తెలిసింది. లోపలికి తెచ్చి కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. రూతమ్మ గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగించే ఉంది, గ్లాసు ఎడమచేత్తో అందుకున్నారు.

"ఎందుకొచ్చిండ్రు సార్ గింత ఎండల? ఫోన్ చేస్తె నేనే రాకపోదునా?"

ఆయన నన్ను చూశారు, గోడను చూశారు, మళ్లీ నన్ను చూశారు. "గదే యాదికొస్తలేదు బిడ్డా" అన్నారు.

మెల్లగా పిడికిలి విప్పారు. అందులో ఎర్రగుడ్డ ఉంది.

"ఇంట్లకెల్లి ఎల్లేటప్పుడు తెలిసే ఎల్లిన. తొవ్వల పోయింది. కని ఈ గుడ్డ చేతిల పట్టుకొచ్చిన్నంటె, ఏదో ఆపుదామనే వచ్చిన. నువ్వు చెప్పు. ఏం ఆపాలె?"

నిన్న కోపంలో అన్న మాటను ఇవాళ మెత్తగా, మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. చెయ్యి ఆగిన మధ్యాహ్నం గురించి చెప్పాను, తేలిగ్గా తూగిన తూటా గురించి చెప్పాను. మా పోట్లాట చెప్పలేదు. ఆయన అడ్డుపడకుండా విన్నారు. విన్నాక వేసిన మొదటి ప్రశ్న ఇది. "ఎవరికన్న తగిలిందా?"

"లేదు సార్. ఒక్కటి గూడ కాల్చలే. అన్ని మీ గదిలనే ఉన్నయ్."

గట్టిగా ఊపిరి వదిలారు. "మంచిది. ఇగ నేను ఆ పిడి ముట్ట. ఆఫీసోళ్లకు కాయితం రాయి, సంతకం పెడత. ఇయ్యాలనే రాయి బిడ్డా. రేపటికి ఈ మాట నాకు యాదుంటదో లేదో." కాగితం రాస్తుంటే నా అక్షరాలు నాకే కనబడలేదు. ఆయన సంతకం మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా, ఎక్కడా వంకర లేకుండా పెట్టారు.

ఆ వారం తయారైన తూటాలన్నీ విప్పేశాం. ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నారు, విప్పింది నేను. మందు లేనిది ఇంకొకటి దొరికింది. దాన్ని ఆయనకు చూపించాను, చూసి తల ఊపారు. అధికారులు వచ్చి కాగితాలు పూర్తిచేశాక మిషను క్లబ్బుకు వచ్చింది. రూతమ్మ గారి కుట్టు మిషను దాని మూలకు తిరిగి వెళ్లింది. ఎన్నేళ్లుగానో ఆ మూల కోసం సణిగిన మనిషి, ఆ రోజు దాని ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక ఏడ్చింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. నేను ఆదివారాలు ఆయనను చూడ్డానికి వెళ్తే, టీ తాగుతూ ముందుగది వైపు చూసి, "నాగమణీ, మన మిషనేది?" అని నన్ను పేరు పెట్టి అడిగేవారు. అంతా మళ్లీ చెప్పాలి. ఆయన ముఖం మళ్లీ ముడుచుకుపోవడం చూడాలి. రూతమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచి, "రిపేరుకు పోయిందని చెప్పు. ఎన్నిసార్ల సంపుతవే ఆయన్ని?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఒకసారి అలాగే చెప్పాను. "ఏం ఖరాబైంది?" అంటూ సార్ లేచి పానాల డబ్బా వెతకడం మొదలుపెట్టారు. పొద్దుగూకేదాకా వెతుకుతూనే ఉన్నారు, అన్నానికి కూర్చోలేదు, ఎవరు బతిమాలినా వినలేదు. తర్వాత నుంచి రూతమ్మ గారే, "నిజమే చెప్పు, గదే నయం" అంది.

నిజం చెప్పినప్పుడల్లా ఒకేలా జరిగేది. మొదట ముఖం వాడిపోయేది. తర్వాత అడిగేవారు, "ఎవరికన్న తగిలిందా?" లేదు సార్ అంటే, "మరి ఆపింది ఎవరు?" అనేవారు. మీరే ఆపిండ్రు అని చెప్పేదాన్ని. నమ్మలేనట్టు చూసేవారు. "మంచి పని చేసిన" అని వేరే ఎవరినో మెచ్చుకున్నట్టు అనుకుని, టీ తాగేవారు. ఎన్నిసార్లు విన్నా ఆయనకది కొత్త వార్తే. అయినా ఒక్కసారి కూడా, నేను చేయగలను, నా మిషను నాకు తెచ్చివ్వు అని అడగలేదు. గుర్తుండి ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని, గుర్తు లేకుండా అన్నిసార్లూ మళ్లీ మళ్లీ తీసుకున్నారు. నాకైతే ఒక్కసారి తీసుకోవడానికే ధైర్యం చాలదేమో.

చివరి రోజుల్లో ఖమ్మం దవాఖానాలో ఉన్నారు. అప్పటికి నా పేరు పోయింది. రూతమ్మ గారిని చూసి, "ఈమె మంచి మనిషి, ఎవరింటి ఆమె?" అని నన్నే అడిగారు. ఆమె నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. మిషను మాట ఆయన నోట రాక చాలా రోజులైంది. నేను మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎండిపోయిన చెయ్యి, ఐదు వేళ్లూ ఉన్న చెయ్యి. ఆయన కళ్లు తెరిచి, నేనెవరో తెలియని చూపుతో, దేని గురించో కూడా తెలియకుండా అడిగారు, "ఎవరికన్న తగిలిందా?"

"ఎవ్వరికి తగల్లే సార్."

"మంచిది" అని కళ్లు మూసుకున్నారు. మళ్లీ నాతో మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పుడు మిషను ముందు కూర్చునేది నేనే, అనుమతి నా పేరనే ఉంది. చెయ్యి ఎక్కడైనా ఆగితే పిల్లలందరూ వినేలా "యాది లేదు" అని పైకి చెప్పి పళ్లెం ఖాళీ చేస్తాను. కొందరు నవ్వుతారు, నవ్వనిస్తాను. అదంతా ఆయన నేర్పిన పని, సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. కానీ మనిషిలో నుంచి ఊరు పోయి, పాట పోయి, భార్య పేరు కూడా పోయాక, ఎవరికైనా దెబ్బ తగిలిందా అన్న బెంగ ఒక్కటే మిగలాలంటే దానికి ఏ సాధన చేయాలో నాకు తెలియదు. ఏదో ఒక రోజు నా మతీ పోవచ్చు. అప్పుడు నాలో అదొక్కటి మిగిలితే చాలు.